పురానాపూల్ నుంచి బందరు దాకా

తెల్లవారి ఆరున్నరయ్యేసరికే పురానాపూల్ మీద బేరాలు ఊపందుకుంటాయి. వంతెనకు రెండువైపులా గోనెపట్టాలు పరిచి టమాటాలు, పచ్చిమిర్చి, కొత్తిమీర కట్టలు కుప్పలు పోస్తారు. మధ్యలో మనిషి నడిచేంత సందు మిగులుతుంది. ఒకామె ఉర్దూలో ధర చెబితే పక్కనామె తెలుగులో చెబుతుంది. కొనేవాడు రెండు భాషల్లోనూ తగ్గించమంటాడు. ఆటోలు, బస్సులు, లారీలు పక్కనున్న కొత్త వంతెన మీదుగా పోతుంటాయి. ఇబ్రహీం కుతుబ్ షా 1578లో కట్టించిన ఈ పాత వంతెనకు ఇప్పుడు కూరగాయల బరువు తప్ప మరో బరువు లేదు. అది కట్టిననాటికి హైదరాబాద్ నగరం లేదు. చార్మినార్ లేవడానికి ఇంకా 13 ఏళ్లు ఉంది.

నగరమే లేని చోట వంతెన దేనికంటే, దారి ఉంది కాబట్టి. గోల్కొండ కోటలో బయలుదేరి కార్వాన్ మీదుగా వచ్చి, ఇక్కడ మూసీ దాటి, తూర్పుకు తిరిగి, నల్లగొండ సీమ గుండా బెజవాడ చేరి, అక్కడి నుంచి మచిలీపట్నం, అంటే బందరు, రేవు తాకే బాట అది. కుతుబ్ షాహీల ఖజానాకు ప్రాణనాడి. వజ్రాలు, కలంకారీ వస్త్రాలు ఈ దారిన రేవుకు దిగేవి. పారశీక దేశపు గుర్రాలు, తూర్పు దీవుల సుగంధద్రవ్యాలు, చైనా పింగాణీ రేవు నుంచి పైకి వచ్చేవి.

జనవరి మొదట్లో ఓ ఆదివారం ముగ్గురు ఆ దారి పట్టారు. ఒకరు డాలస్ నుంచి సెలవులకు వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ఇంకొకరు అతని బాబాయి, పాతబస్తీలోనే పాఠాలు చెప్పి రిటైరైన చరిత్ర లెక్చరర్. మూడో మనిషి కారు నడిపే భాయ్, హుస్సేనీ ఆలంలో పుట్టి పెరిగినవాడు. సొంతూరు బందరుకు ఎలాగూ పోతున్నారు, పాతదారిని వెతుక్కుంటూ పోదామన్నది బాబాయి ఆలోచన. దానికి ముందు చిన్న వాదం నడిచింది. కిందటేడు ఓక్లహోమా నుంచి ఆరిజోనా దాకా రూట్ 66 మీద కారు నడిపిన అబ్బాయి ఆ ఫొటోలు చూపిస్తూ, “ఇలాంటి రోడ్డు మనకెక్కడుంది బాబాయ్?” అన్నాడు. “ప్రతి సంక్రాంతికీ ఏ రోడ్డు మీద ఊరెళ్లేవాడివిరా?” అన్నాడాయన.

పురానాపూల్‌కు రాకముందే కార్వాన్‌లో ఒకచోట కారు ఆగింది. దారి పక్క ఇళ్ల మధ్య తోలీ మసీదు. అబ్దుల్లా కుతుబ్ షా కొలువులోని మూసా ఖాన్ 1671లో కట్టించాడు. గచ్చుతో తీర్చిన దాని మినార్ల పనితనం చూస్తే, ఊరి వెలుపల వర్తకుల పేటకు ఇంత సొగసు ఎందుకొచ్చిందా అనిపిస్తుంది. కార్వాన్ మామూలు పేట కాదు. బిడారులు విడిసిన చోటు, వజ్రాలు సానపట్టిన చోటు, సాహుకార్లు హుండీలు రాసిన చోటు. రేవు నుంచి వచ్చిన సరుకు కోటలోకి పోవాలన్నా, కోటలోని సొమ్ము రేవుకు పోవాలన్నా దీని మీదుగానే.

ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ 17వ శతాబ్దంలో ఈ దారిన పలుమార్లు తిరిగాడు. 1676లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో పురానాపూల్ గురించి రాస్తూ, అందంలో ప్యారిస్‌లోని పాన్ నెఫ్ వంతెనకు ఇది పెద్దగా తీసిపోదన్నాడు. ఆ ప్యారిస్ వంతెనకు శంకుస్థాపన జరిగిందీ 1578లోనే. అది పూర్తవడానికి దాదాపు 30 ఏళ్లు పట్టింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ తెగిపోయాయి. నగరపు రెండు ఒడ్లనూ కలిపి ఉంచింది ఈ పాతదొక్కటే.

వంతెన దిగగానే పురానాపూల్ దర్వాజా. మొఘల్ సుబేదారు ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టగా నిజాం ఉల్ ముల్క్ పూర్తి చేసిన నగర ప్రాకారానికి 13 దర్వాజాలుండేవి. మిగిలినవి రెండే. ఒకటి ఇది, రెండోది తూర్పున దబీర్‌పురా దర్వాజా. పడమటి దర్వాజాలో అడుగుపెట్టి తూర్పు దర్వాజాలో బయటపడితే పాత రహదారి నగరంలో నడిచిన మేర దాదాపు మొత్తం చూసినట్టే. అన్నీ కూలిపోగా సరిగ్గా ఈ రెండే మిగలడం ఈ దారి అదృష్టం.

హుస్సేనీ ఆలం, మహబూబ్ చౌక్ గడియారం, లాడ్ బజార్. ఆ వేళకు గాజుల దుకాణాల షట్టర్లన్నీ దించే ఉన్నాయి. చార్మినార్ చుట్టూ వాహనాలు తిరగనివ్వరు గనుక భాయ్ కారును చుట్టుతిప్పి తీసుకువస్తానని పోయాడు. మిగిలిన ఇద్దరూ నడిచారు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కొత్త నగరానికి కొలత వేసినప్పుడు, ఆయన పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ చౌరస్తాను నడిబొడ్డున పెట్టి నాలుగు దిక్కులకూ దారులు గీశాడు. పడమటి దారి గోల్కొండకు, తూర్పు దారి బందరుకు. ఊరిని ముందు కట్టి దానికి రోడ్డు వేయలేదు. ఉన్న రహదారికి ఊరిని తగిలించారు. చార్మినార్‌ను టికెట్టు కొని చూసే కట్టడంగానే ఎరిగిన అబ్బాయికి, అది ఒక జాతీయ రహదారి మీది కూడలి అని తోచడం అదే మొదటిసారి.

పురానీ హవేలీ వైపు తిరిగితే చలికాలపు పొద్దున పాతబస్తీ అసలు వాసన తగులుతుంది. రాత్రంతా సన్నసెగ మీద ఉడికిన నహారీ దేగ్చాలు, పక్కనే నేలలోకి దిగిన తందూరు. రొట్టెలు కాల్చేవాడు పిండిముద్దను నాలుగు మూలలుగా సాగదీసి, వెనకవైపు నీళ్లు రాసి, నడుం దాకా లోపలికి వంగి గోడకు చరుస్తాడు. రెండు మూడు నిమిషాల్లో అంచులు ఎర్రబడి లేస్తాయి. రెండు ఇనుప చువ్వలతో ఊడదీసి బల్ల మీద పడేస్తాడు. ఆ చార్‌కోనీ నాన్ తుంచి నహారీలో ముంచి తినడమే. “హైవే మీద ఇంతకన్నా మంచి నాష్తా దొరకదు సాబ్” అని భాయ్ తీర్పు చెప్పాడు. అది నిజమేనని మధ్యాహ్నానికి తేలింది.

దబీర్‌పురా దర్వాజాను గబగబా పోయేవాళ్లు పోల్చుకోలేరు. చుట్టూ ఇళ్లు, ఫ్లైఓవర్, రైలు పట్టాలు. మొహర్రం పదో రోజున ఏనుగు మీద బీబీ కా ఆలం ఊరేగింపు బయలుదేరేది ఈ పేట నుంచే. ఇక్కడ పాతబస్తీ అయిపోతుంది. మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్‌ల మీదుగా ఎల్బీనగర్ దాకా పాతదారి నెత్తిన 2018 నుంచి మెట్రో పరుగెడుతోంది. కింద కార్లు మాత్రం అంగుళం అంగుళం జరుగుతాయి.

పాతదారి మళ్లీ కంటికి ఆనేది హయత్‌నగర్‌లో. మహమ్మద్ కులీ కుమార్తె, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయాత్ బక్షీ బేగం పేరుమీద వెలసిన ఊరిది. ఇక్కడి మసీదు ఆవరణ చాలా పెద్దది. దాని చుట్టూ బాటసారుల కోసం వరుసగా గదులు కట్టి సరాయి ఏర్పాటు చేశారు. పక్కనే పెద్ద దిగుడుబావి, హాథీ బావ్లీ అంటారు. టావెర్నియర్ మజిలీల పట్టికలోనూ ఈ ఊరుంది. గోల్కొండ వదిలిన ప్రయాణికుడు తొలి మజిలీలు ముగించి, మర్నాటి పెద్ద నడకకు సిద్ధమయ్యే చోటిది. సరాయి గదుల కమానుల ముందు ఇప్పుడు పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. వందడుగుల దూరంలో పోయే వేలాది కార్లలో ఎవరికీ ఇది పాతదారి మీది కట్టడమని తెలియదు.

చౌటుప్పల్ దాటగానే పంతంగి టోల్‌ప్లాజా. సంక్రాంతి ముందురోజుల్లో కిలోమీటర్ల కొద్దీ బారులు తీరి, ప్రతి ఏడూ పత్రికల మొదటి పేజీకెక్కే చోటు. టావెర్నియర్ పట్టికలో హయత్‌నగర్ తరవాతి పేరు కూడా పంతంగే. ఫ్రెంచి ఉచ్చారణలో కాస్త వంకర తిరిగింది, అంతే. ఆయన మజిలీ చేసిన ఊళ్లోనే ఈనాటి బళ్లూ ఆగుతున్నాయి, సుంకం కోసం. 1666-67లో ఈ రాజ్యానికి వచ్చిన మరో ఫ్రెంచి యాత్రికుడు తెవెనో, సరిహద్దు నుంచి భాగ్‌నగర్ (హైదరాబాద్) దాకా అడుగడుగునా సుంకం చౌకీలేనని, వసూలు చేసేవాళ్లు మొరటువాళ్లని విసుక్కున్నాడు. ఫాస్టాగ్ రీడరు రెండోసారి కూడా పని చేయకపోయేసరికి ముందు కారు డ్రైవరు దాదాపు అవే మాటలన్నాడు.

బారులో నిలబడిన ఆ కాసేపట్లో అబ్బాయి రూట్ 66 కథ చెప్పాడు. 1926 నవంబర్ 11న అమెరికా జాతీయ రహదారుల పట్టికలోకి ఎక్కిన రోడ్డది. షికాగో నుంచి లాస్ ఏంజిలిస్ పక్కనున్న శాంటా మోనికా దాకా 2,448 మైళ్లు, మన లెక్కలో 3,900 కిలోమీటర్ల పైమాటే. 1930ల్లో దుమ్ము తుపాన్లకు పొలాలు పోయిన ఓక్లహోమా రైతులు పాత ట్రక్కుల్లో సామాను కట్టుకుని కాలిఫోర్నియాకు వలసపోయింది దాని మీదే. తరవాత ఇంటర్‌స్టేట్‌లు వచ్చాయి. ఆరిజోనాలోని సెలిగ్మన్ అనే చిన్న ఊరి పక్కగా 1978 సెప్టెంబర్ 22న కొత్త రోడ్డు తెరవగానే ఊళ్లో కార్ల చప్పుడు ఆగిపోయింది. 1985లో రూట్ 66కు అంకె కూడా తీసేశారు. ఆ ఊరి మంగలి ఏంజెల్ డెల్గాడియో ఊరుకోలేదు. తోటి ఊళ్లవాళ్లను కూడగట్టి 1987లో సంఘం పెట్టాడు. తమ రోడ్డును చారిత్రక రహదారిగా గుర్తించేదాకా రాష్ట్రాన్ని వదల్లేదు. తక్కిన రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. ఇప్పుడక్కడ గోధుమరంగు బోర్డులున్నాయి. వాటిని వెతుక్కుంటూ ప్రపంచం నలుమూలల నుంచి జనం వస్తారు. మూతపడిన పెట్రోలు బంకుల ముందు కూడా ఫొటోలు దిగుతారు.

“పెట్రోలు బంకుకే అంత మర్యాదా?” అన్నాడు బాబాయి. అంకె పోవడం మన దారికీ జరిగింది. పుణె నుంచి మచిలీపట్నం దాకా ఉన్న జాతీయ రహదారి 9కి, 2010లో దేశమంతటా అంకెలు మార్చినప్పుడు 65 వచ్చింది. జనం నోట్లో మాత్రం అది అప్పుడూ ఇప్పుడూ విజయవాడ హైవేనే.

ఈ దారిన టావెర్నియర్ ఎలా పోయాడో తెలిస్తే టోల్ దగ్గరి విసుగు తగ్గుతుంది. గోల్కొండ నుంచి మచిలీపట్నానికి తిన్నగా 100 కోసులు, కొల్లూరు వజ్రాల గని మీదుగా అయితే 112 అని ఆయన లెక్క. తాను ఎక్కువగా పోయింది ఆ రెండో దారినేనట. కొండలు, చెరువులు, వాగులు అడ్డు రావడంతో చక్రాల బళ్లు ఈ వైపు సాగేవి కావు. చిన్న బండి ఒకటి తీసుకుపోయి, దాటలేని చోటల్లా విప్పి మళ్లీ బిగించుకున్నానంటాడు. ఆయన బండి ఎద్దుల జత ఖరీదు దాదాపు 600 రూపాయలు. సగం దారి నడిచాక వాటికి వెన్న, నల్లబెల్లం కలిపి పిసికిన గోధుమపిండి ముద్దలు రెండో మూడో పెట్టేవారు. సాయంత్రం దంచి అరగంట నానబెట్టిన శనగలు. ఎదురుగా బియ్యం, ఉప్పు మోసుకొచ్చే బంజారాల బిడారు తగిలిందా, ఇక ఆగిపోవాల్సిందే. పది పన్నెండు వేల ఎద్దులు నడిచిపోయేదాకా ఇరుకు దారుల్లో రెండు మూడు రోజులు కూడా నిలబడాల్సి వచ్చేదట. పంతంగి బారు ఎంత పెద్దదైనా అంతసేపు పట్టదు.

ఇక్కడి నుంచి పాతదారి, కొత్తదారి విడిపోతాయి. హైవే నార్కట్‌పల్లి, నకిరేకల్ మీదుగా సూర్యాపేటకు పోతుంది. టావెర్నియర్ మాత్రం నల్లగొండ పక్కనున్న పానగల్లు మీదుగా పోయాడు. ఆ పక్కదారి పట్టినందుకు ఫలితం దక్కింది. కందూరు చోడులు ఏలిన ఊరది. వాళ్లు తవ్వించిన ఉదయసముద్రం చెరువు నిండుగా ఉంది. ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పగలంతా చెదరకుండా నిలిచే నీడను చూడటానికి హైదరాబాద్ నుంచి ఓ బడి బస్సు వచ్చింది. పిల్లలు స్తంభాల మధ్య చేతులు అడ్డంపెట్టి ఆ నీడ ఏ స్తంభానిదో తేల్చే పనిలో ఉన్నారు. కుతుబ్ షాహీల కన్నా ఎంతో ముందే ఈ బాట మీద ఊళ్లు, చెరువులు, గుళ్లు ఉన్నాయి. గోల్కొండ సుల్తాన్లు దారిని కొత్తగా కనిపెట్టలేదు. జనం నడిచే దారికి వంతెన, సరాయి చేర్చారు.

పానగల్లు తరవాత ఆయన పట్టికలో నాగులపాడు, లక్కవరం, కొల్లూరు వరసగా వస్తాయి. తిరిగి హైవే ఎక్కితే సూర్యాపేటకు ముందే మూసీ మళ్లీ ఎదురవుతుంది. పొద్దున్న కూరగాయల అంగళ్ల కింద చూసిన మూసీయే ఇది. కృష్ణలో కలవడానికి వాడపల్లి వైపు సాగిపోతోంది.

కొల్లూరును ఇప్పుడు కంటితో చూడలేం. టావెర్నియర్ పోయిననాడు అక్కడ 60 వేలమంది దాకా పనిచేసేవారు. మగవాళ్లు తవ్వితే, ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోసేవారు. కోహినూర్ పుట్టింది ఇక్కడేనని చెప్పుకుంటారు. పల్నాడు జిల్లాలోని ఆ చోటు పులిచింతల జలాశయం నీళ్లలో మునిగిపోయింది. ప్రపంచ రత్నాల చరిత్రలో ఇంత పేరున్న ఊరికి గుర్తుగా మిగిలింది నీళ్లే.

కోదాడ, జగ్గయ్యపేట, నందిగామ వేగంగా వెనక్కి పోయాయి. వాగులు మాత్రం ఎప్పటి వాగులే. 2024 సెప్టెంబర్ మొదట్లో పాలేరు, మున్నేరు పొంగి నాలుగు వరసల హైవేను కూడా తెంపేశాయి. రెండు తెలుగు రాష్ట్రాల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. వాగులు, నదులు ఈ బాటకు పెట్టిన అడ్డంకుల గురించి టావెర్నియర్ రాసింది పాతబడలేదు.

పాతదారి వెనకబడటానికి వాగుల కన్నా పెద్ద కారణం రైలు. నిజాం రైలుమార్గం 1889లో బెజవాడ చేరింది. అది ఈ బాట వెంట రాలేదు. వరంగల్లు, ఖమ్మం వైపు నుంచి తిరిగి వచ్చింది. సరుకు రైలెక్కింది, బిడార్లు ఆగాయి, పానగల్లు లాంటి మజిలీలు మామూలు ఊళ్లయ్యాయి. ఇంటర్‌స్టేట్ వచ్చాక సెలిగ్మన్‌కు పట్టిన గతి, వీటికి తొంభై ఏళ్ల ముందే పట్టింది.

విజయవాడలో ఇంద్రకీలాద్రి పాదాన అక్కన్న మాదన్న గుహలున్నాయి. గుహలు వాళ్లకన్నా చాలా పాతవి. గోల్కొండ చివరి సుల్తాను తానీషాకు మంత్రులైన ఆ ఇద్దరూ ప్రయాణంలో ఇక్కడ విడిది చేశారన్న నమ్మకం వల్ల ఆ పేరు నిలిచింది. నగరం నడిబొడ్డున మహాత్మాగాంధీ రోడ్డును ఇవాళ్టికీ అందరూ బందరు రోడ్డనే అంటారు. ఇక్కడి నుంచి దారి చదును. ఒకవైపు కాలువ, మరోవైపు చెరకు, వరి కుప్పలు. ఉయ్యూరు, నిడుమోలు రెండూ టావెర్నియర్ రాసిపెట్టిన మజిలీలే. మధ్యలో పామర్రు దగ్గర పక్కకు తిరిగితే కూచిపూడి. ఈ దారిన బందరు వెళుతూ తానీషా వీరి నాట్యం చూసి మెచ్చి, ఊరిని భాగవతుల కుటుంబాలకు రాసిచ్చాడని అక్కడివాళ్లు చెబుతారు.

బందరు చేరేసరికి పొద్దువాలింది. డచ్చివారు, వాళ్ల వెనకే 1611లో ఇంగ్లీషువారు కోఠీలు పెట్టిన రేవు ఇది. డచ్చివారి శ్మశానంలో 17వ శతాబ్దపు సమాధిరాళ్ల మీద కుటుంబ చిహ్నాలు, చనిపోయినవారి పేర్లు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉన్నాయి. సున్నితంగా చెక్కిన ఆ రాళ్లను వేలితో తడిమి చదవొచ్చు. 1864 నవంబర్ 1న సముద్రం పైకి వచ్చి 30 వేలమందిని పొట్టన పెట్టుకున్నాక ఊరు మళ్లీ ఆ దశకు చేరలేదు. ఇప్పుడు కొత్త రేవు కడుతున్నారు. కోనేరు సెంటర్‌లో తొక్కుడు లడ్డు కొన్నారు. శనగపిండి కారప్పూస వేయించి, దంచి, జల్లించి, బెల్లంపాకం పోసి, నెయ్యి తగిలిస్తూ మళ్లీ దంచి చుట్టే ఆ లడ్డును నోట వేసుకుని, భాయ్ పొద్దుటి తీర్పును కొంచెం సవరించుకున్నాడు.

గోల్కొండ కోట, కుతుబ్ షాహీ సమాధులు, చార్మినార్ మూడూ కలిసి 2010 నుంచి యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉన్నాయి. వాటిని కలిపే దారి అందులో లేదు. దారులకు గుర్తింపు రాదనీ కాదు. దక్షిణ అమెరికాలో ఇంకాల రహదారికి 2014లో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. మన దేశపు గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీది స్థలాలు 2015లో తాత్కాలిక జాబితాకెక్కాయి. ఇక్కడ అంత దూరం పోనక్కర్లేదు. పురానాపూల్, చార్మినార్ తూర్పు దారి, దబీర్‌పురా దర్వాజా, హయత్‌నగర్ సరాయి, పంతంగి, పానగల్లు, నిడుమోలు, బందరు కోట: ఈ ఎనిమిది చోట్ల ఇది గోల్కొండ–మచిలీపట్నం పాత రహదారి అని చెప్పే బోర్డులు పెడితే చాలు. రెండు రాష్ట్రాల పర్యాటక శాఖలు కలిసి చేసుకోదగ్గ పని ఇది, ఖర్చు కూడా స్వల్పమే. అవి పెట్టేదాకా ఈసారి ఊరెళ్లేవాళ్లు ఒక గంట ముందు బయలుదేరి, హయత్‌నగర్‌లో కారు ఆపి, పిల్లలకు ఆ సరాయి గదులు చూపించి వెళ్లండి.